అరిచేదానికే టిక్కెట్టు

పోయిన అక్టోబరు చివర్లో మా అమ్మాయి నన్ను హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక పార్కుకు లాక్కుపోయింది. హాలోవీన్ అట. దయ్యాలకు ఒక పండగ పెట్టి, పండగకు టిక్కెట్టు పెట్టి, టిక్కెట్టుతో పాటు సమోసా కూపను కూడా ఇస్తున్నారు. చీకటి సందులో ఒళ్ళంతా కట్లు చుట్టుకున్న కుర్రాడొకడు నా మీదికి దూకి, చెవి దగ్గర గావుకేక పెట్టాడు. నేను వాణ్ణి పైనుంచి కిందికి చూసి, "బాబూ, చంక కింద కుట్టు ఊడింది, చూసుకో" అన్నాను. పాపం, దయ్యం ముఖం చిన్నబోయింది.

మా అమ్మాయికి కోపం వచ్చింది.

"ఏంటి నాన్నా! అరవాలి కదా. టిక్కెట్టు కొన్నది దేనికి?"

సరిగ్గా ఆ మాటే అనే మనిషి ఒకాయన ఉండేవాడు, కువైట్‌లో. ఆయన పోయి ఏడాది దాటింది. కబురు ఫోనులో తెలిసింది. ఫోను పెట్టేశాక ఏడుపు రాలేదు. ఏడాది ఆగి, ఆ కట్లు చుట్టుకున్న కుర్రాడి ముందు వచ్చింది. నేను జడుసుకున్నాననుకుని పార్కువాళ్ళు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు.

ఆయన అర్థం కావాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అమలాపురం దగ్గర జాకెట్లు కుట్టుకుంటున్న నన్ను టైలరు వీసా మీద కువైట్ పంపారు. దిగాక తెలిసింది, నేను కుట్టాల్సింది ఒక వినోదాల పార్కులోని దయ్యాల బంగళాకు అని. పీనుగులకు కోట్లు, రాక్షసుడికి చొక్కా, చచ్చిపోయిన పెళ్ళికూతురికి మేలిముసుగు. ఇంటికి రాసే ఉత్తరాల్లో 'పెద్ద పెద్దవాళ్ళకు కుడుతున్నాను' అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు, రాక్షసుడి చొక్కాకు ఆరు గజాలు పట్టేది. దర్జా లేని దర్జీని. సుఖమల్లా ఒకటే, నా దగ్గర కుట్టించుకున్నవాళ్ళలో ఒక్కరూ చంకలో పట్టేసిందని తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ ఉద్యోగం ఎలాగూ భూతకాలమే అనుకోండి. అప్పుడు కూడా భూతకాలమే.

నా కుట్టుగది ఆ బంగళా వెనకగోడకు ఆనుకుని ఉండేది. మధ్యలో పలచటి రేకు. అవతల చీకట్లో పట్టాల మీద, ఇద్దరేసి కూర్చునే చిన్న బండ్లు నడిచేవి. లోపల భయం మూడు చోట్ల పెట్టారు. మొదట శవపెట్టె మూత తోసుకుని లేచే పీనుగు. తర్వాత గోడలోంచి వచ్చి భుజం తడిమే చెయ్యి. చివర పీనుగుల విందు: పెద్ద బల్ల చుట్టూ కూర్చున్న శవాలు, పక్కన నరికే కత్తి పట్టుకుని నిలబడ్డ కసాయి. ప్రతి గురువారం సాయంత్రం ఈ మూడు చోట్లా మూడు కేకలు వినపడేవి. ఒకే గొంతు. మొదటిది పొట్టలోంచి, రెండోది ముక్కులోంచి, మూడోది ఎక్కడినుంచో చెప్పలేను. ఆ కేకలనుబట్టి బండి ఎక్కడిదాకా వచ్చిందో సూది కదలకుండా చెప్పగలిగేవాణ్ణి. అంటే, ఆయన ముందు నాకు గొంతుగా పరిచయం. మనిషిగా తర్వాత.

మనిషి వచ్చింది తగవుకు. ఒక గురువారం నా గది తలుపు తోసుకుని, బక్కపలచటి డ్రైవరు ఒకడు, కోరమీసం, చంకలో తువ్వాలు, నిలబడ్డాడు.

"గోడలో చెయ్యికి గుడ్డ మార్చింది నువ్వేనా సామీ?"

"నేనేనండీ."

"నల్లది తీసి తెల్లది ఎందుకేసినావు? నల్లదుంటే దయ్యం. తెల్లదేస్తే ఆస్పత్రిలో నర్సమ్మ భుజం తట్టినట్టుండాది. భయం లేకపాయె, ఉండే జరం కూడా తగ్గేతట్టుండాది."

రాజంపేట వైపు మనిషి. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. మొదట్లో యజమాని పిల్లల్ని పార్కుకు తెచ్చేవాడట. వాళ్ళకు తోడుగా లోపలికి ఎక్కేవాడట. "పిల్లోల్లు పెద్దోల్లయిపోయిరి సామీ. నేను కాల్యా" అన్నాడు. నేను నల్ల తొడుగు తిరిగి వేసేదాకా కదల్లేదు.

లోపలికి వెళ్ళేముందు చెప్పులు వాకిట్లో విడిచేవాడు. ఎందుకండీ అంటే, "లోపలుండేది పెద్దోల్లు గదా" అనేవాడు నవ్వకుండా. అసలు కారణం వేరు. కాళ్ళు బండి బయట పెట్టి, పట్టాల అతుకులు తగిలేటప్పుడు వచ్చే అదురును అరికాళ్ళతో లెక్కపెట్టుకునేవాడు. పదకొండో అతుక్కు శవపెట్టె. పంతొమ్మిదికి చెయ్యి. ముప్పైకి విందు. ఇంత లెక్క తెలిసిన మనిషి ఎందుకు అరుస్తాడని నా అనుమానం.

"తెలిసినాక అరిచేదే సామీ అరుపు. తెలీకుండా అరిస్తే అది ఉలికిపాటు."

ఆయనకో పద్ధతి ఉండేది. వాళ్ళ ఊళ్ళవైపు నుంచి కొత్తగా ఎవరు దిగినా, మొదటి సెలవు రోజున ఈ బంగళాకు తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి యాభై ఏళ్ళ రైతును తెచ్చాడు. గొర్రెల మంద దగ్గర పని. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తలమీది నల్లతాడు తీసి వారం రోజులుగా కొడుతున్నాడు. వీపు మీద చొక్కా అంటుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఆ మనిషి మొదటి మలుపులో అరిచాడు, రెండో మలుపులో అరిచాడు, ఇక ఆపలేదు. బండి బయటికొచ్చాక కూడా అరుస్తూనే ఉన్నాడు. ఈయన టిక్కెట్టువాడి వైపు వేలు చూపి, "ఇంగొగ తూరి తిప్పు" అన్నాడు. మూడుసార్లు తిప్పాక ఆ రైతు దిగి, నిమ్మళంగా తువ్వాలుతో ముఖం తుడుచుకుని, టీ అడిగాడు.

"ఈ దేశంలో మనోల్లు గొంతెత్తి అరిచే చోటు ఇదొగటే సామీ" అన్నాడు నాతో. "కఫీల్ ముందర అరిచేదానికి లేదు. రూములో ఆరుమంది, ఆడ అరిస్తే పిచ్చోడంటారు. ఫోన్లో అరిస్తే ఇంటికాడ అన్నం తినరు. ఈడ అరువు, ఎవురేమంటారు? అరిచేదానికే గదా టిక్కెట్టు."

నేను మాత్రం ఎక్కనని భీష్మించుకున్నాను. అవి నా చేతి బొమ్మలు, ప్రతిదాని నడుము కొలతా నాకు తెలుసు, నేనెందుకు జడుస్తానండీ అన్నాను. ఒక గురువారం రెక్క పట్టి కూర్చోబెట్టాడు. నేను కుట్టిన తొడుగే, నేను బిగించిన గుండీతో, చీకట్లో నా భుజం తడిమేసరికి నేను పెట్టిన కేకకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. దిగాక నా వీపు తట్టి, "ఇప్పుడు దిగినావు సామీ కువైట్లో" అన్నాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. మాకు ముందు వినపడింది శబ్దమే. జహ్రా రోడ్డు మీద టాంకులు నడుస్తుంటే నా కుట్టుమిషను తనంతట తాను వణికింది. పార్కు ముదీర్, అంటే మేనేజరు, సాయంత్రానికి కారెక్కి వెళ్ళిపోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో, తాళం ఆయన జేబులో. మా క్వార్టర్స్‌లో వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నేను ఒక్కణ్ణీ మిగిలాను. ధైర్యంతో కాదు. పని మానాలంటే ముదీర్ నోటితో 'ఖలాస్' అనాలి, అది రివాజు. ఆయన అనకుండా వెళ్ళిపోయాడు. వేసవి మరమ్మతుకని కసాయినీ, విందులో ఇద్దరినీ నా గదికి చేర్చి ఉన్నారు. ఒక దేశం తగలబడుతుంటే, రెండు వారాలపాటు నేను ఎవరూ ఆపమనలేదని కసాయివాడి ముందుగుడ్డకు నాడా కుట్టాను. నా తెలివి గురించి ఇంతకన్నా చెప్పను.

మూడో వారంలో, చీకటి పడుతుండగా, తలుపు మీద గోకిన చప్పుడైంది. ఆయన. చొక్కా ముందుభాగమంతా నెత్తురు ఎండి అట్టకట్టింది. వెనక ఒకామె, చిరిగిన నల్ల బురఖా, పగిలిన పెదవి, ఒక కాలికే చెప్పు.

"నీల్లుండాయా సామీ?"

ఆమె ఆయన డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే పనిమనిషి, రాయచోటి దగ్గర ఊరు. యజమానులు ఎండాకాలం లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఇంటికి మిగిలింది వీళ్ళిద్దరే. సైనికులు ఆ ఇంట్లో దిగారు. మొదట్లో వండి పెట్టమన్నారు. ఆ మధ్యాహ్నం తాగారు.

"ఆయమ్మిని జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చిరి సామీ. నేను కార్లోనుంచి జాకీ రాడ్డు తెస్తి. ఒగటి తలకాయ మీద, ఒగటి మూతి మీద. రెండోవాడు తుపాకి ఎత్తుకునే లోపల గోడ దూకితిమి. ఆ సప్పుడు ఇంగా చెవుల్లోనే ఉండాది."

"చచ్చిపోయాడాండీ?"

"నిలబడి సూసేదానికి టైము యాడిది?"

ఆమె నీళ్ళగ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.  "రౌండెబోటు కాడ ముగ్గురు పిల్లోల్లను గోడకు నిలబెట్టి కాల్చినారన్నా" అంది నావైపు తిరిగి. "శవాల్ని తియ్యనియ్యల్యా వాల్లమ్మను. ఒగనికి మీసాలు కూడా రాల్యా. ఈగలు..."

తెల్లారితే అబూ హలీఫా నుంచి మనవాళ్ళ బస్సు ఒకటి, ఇరాక్ మీదుగా జోర్డాన్ వెళ్ళేది, పెద్దరోడ్డు మీద ఆగుతుందని ఆయన కబురు తెచ్చాడు. తెల్లారేదాకా బతికుండాలి, అంతే. దొరికితే ఆయన్ను ఏం చేస్తారో తెలుసు. ఆమెను ఏం చేస్తారో అంతకంటే తెలుసు.

ఆ మాట ముగియకముందే పార్కు గేటు విరిగింది. లారీలు. దీపాల వెలుగులో సైనికులు గిరగిర తిరిగే గుర్రాలను గొడ్డళ్ళతో పీకి లారీల్లోకి విసురుతున్నారు. దోచుకోవడానికి వచ్చారు. గదులన్నీ తన్నుకుంటూ వస్తున్నారు. కాపలా ముసలివాడు, ఈజిప్టు మనిషి, చేతులెత్తి ఎదురు వెళ్ళాడు. ఏదో అన్నాడు. తుపాకి మడమ ఆయన ముఖంలో దిగింది. పడ్డాక కూడా ఆపలేదు. కిటికీ సందులోంచి నేను అది చూశాను, చూడకుండా ఉండలేకపోయాను.

"విందులో ఖాళీ కుర్చీలెన్ని సామీ?" ఆయన గొంతు నా చెవిలో.

"రెండండీ."

"కసాయి చోటు?"

"అదీ ఖాళీయే."

"అయితే ముగ్గురికీ ఉద్యోగాలు దొరికినాయి. యల్లా."

నేను గుడ్డలు, తొడుగుముఖాలు చంకనెత్తుకున్నాను. కరెంటు లేదు. లోపల గుడ్డి చీకటి. అక్కడ మూడేళ్ళు పనిచేసినవాణ్ణి, రెండో అడుగులోనే గోడకు గుద్దుకున్నాను. నాకు తెలిసిన దయ్యాలన్నీ ట్యూబులైటు కింద తెలిసినవి. ఆయన వాకిట్లో చెప్పులు విడిచి, వాటిని రొమ్ములో దోపుకుని, ముందు నడిచాడు. పట్టా మీద అరికాళ్ళు ఆనించి, అతుకులు లెక్కపెడుతూ.

"తొమ్మిది. పది. పదకొండు, శవపెట్టె, కుడిపక్కకు రా అమ్మీ. నా చొక్కా ఇడవద్దు. పదహైదు. తల వంచు. పంతొమ్మిది, చెయ్యి ఉండాది, తగిలితే అరవద్దు."

తగిలింది. ఎవరం అరవలేదు.

ముప్పై దగ్గర ఆగాడు. ఆమెకు పెళ్ళికూతురి ముసుగు వేసి కుర్చీలో కూర్చోబెట్టాను. నేను రెండో కుర్చీలో, పుర్రె ముఖం తగిలించుకుని. ఆయన ఎర్రరంగు పూసిన ముందుగుడ్డ కట్టుకుని, ముఖానికి గోనెసంచి వేసుకుని, రేకు కత్తి పట్టుకుని దారికి ఎదురుగా నిలబడ్డాడు. ముందు వెలుగు పడే చోటు అది. ఆ చోటు ఎవరికని మేము వాదించుకోలేదు. వాదించలేదన్న సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

నలుగురు వచ్చారు, చేతుల్లో టార్చిలైట్లు. ముందున్నవాడు కుర్రవాడు. శవపెట్టె దగ్గర వాడు గట్టిగా అరవడం, మిగతావాళ్ళు పగలబడి నవ్వడం వినిపించాయి. తర్వాత తుపాకి మోత. ఆ రేకుల మధ్య అది చెవిలో మేకు కొట్టినట్టు ఉంది. నవ్వినందుకు వాడు బొమ్మల మీద కసి తీర్చుకుంటున్నాడు. శవం తల పేలింది, చెయ్యి పేలింది. ఒక్కొక్క బొమ్మనే కాల్చుకుంటూ మా బల్లదాకా వచ్చాడు. నా పక్కనున్న పీనుగు ఛాతీ పగిలి, లోపల కూరిన రంపపు పొట్టు నా ఒళ్ళో పడింది. నా ప్యాంటు తడిసింది. దయ్యం చేయకూడని పని అది, కానీ ఆ వెలుగులో ఎవరూ కిందికి చూడలేదు.

కుర్రవాడు పెళ్ళికూతురి ముందు ఆగాడు. తుపాకి గొట్టంతో ముసుగు అంచు ఎత్తడం మొదలుపెట్టాడు. గడ్డం కనబడింది. పగిలిన పెదవి కనబడబోతోంది.

అప్పుడు ఖణంగుమని రేకు కత్తి కింద పడింది.

వాడు గిరుక్కున తిరిగి కాల్చాడు. రెండు తూటాలు. ఒకటి గోడలోకి, ఒకటి ఆయన ఎడమ భుజంలోకి. ఆయన ఒళ్ళు ఒక్కసారి ఊగి, మళ్ళీ నిలబడింది. ముందుగుడ్డ మీద రంగు ఎర్రది, దాని మీద జారుతున్నదీ ఎర్రది. తేడా నాకు ఒక్కడికే తెలుసు, నేను పూసిన రంగు జారదు. టార్చి ఆయన గోనెముఖం మీద ఎంతసేపు నిలిచిందో చెప్పలేను. చెయ్యి తడిమితే, శవం లేస్తే, మీసం వణికేలా అరిచే మనిషి. ఒక్క మూలుగు లేదు. బొమ్మ.

"మా ఫీ అహద్" అన్నాడు వెనకవాడు విసుగ్గా. ఎవరూ లేరని. బయట లారీ హారను మోగింది. వెళ్ళారు.

తెల్లవారబోతుండగా నా గదిలో ఆ భుజం కుట్టాను. తూటా అటునుంచి ఇటు వెళ్ళిపోయింది. నాకు వచ్చిన వైద్యం ఒకటే, దొరికిన దారం ఒకటే, కోట్లకు వేసే నల్లది. ఆమె దీపం పట్టుకుంది. మాంసంలో సూది దిగడం గుడ్డలో దిగినట్టు ఉండదు, జారుతుంది, మళ్ళీ గుచ్చాలి. నా చేతులు మోచేతుల దాకా నెత్తురు. ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"అరవండీ, వాళ్ళు వెళ్ళిపోయారు" అన్నాను.

"రాల్యా సామీ. పిలిచి సూచ్చాండా. రాల్యా."

"కత్తి ఎందుకు జారిందండీ?"

"చెమట పట్టింది."

ఆమె దీపం కింద పెట్టి, ఆయన పాదాల మీద చెయ్యి వేసి, "అబద్దం చెప్తాండావన్నా" అంది. ఆయన చెప్పులు తొడుక్కోవడంలో మునిగిపోయినట్టు నటించాడు.

బస్సు ఆగింది, ముగ్గురం ఎక్కాం. బస్రా, ఎడారి, డేరాలు, రొట్టె కోసం కొట్టుకున్న జనం, విమానం. ఆ సంగతులు చాలామంది చెప్పారు, నాకన్నా బాగా. నాకు గుర్తున్నది ఒకటే. డేరాల్లో రాత్రిళ్ళు అందరూ నిద్రలో అరిచేవారు. ఆయన తప్ప.

పదేళ్ళ తర్వాత కాబోలు, ఏదో పెళ్ళికి కడప వెళ్ళి ఆయన్ను వెతికి పట్టుకున్నాను. జీపు నడుపుకుంటున్నాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. నా కుట్టు వంకరపోయింది. ఆయన చొక్కా పక్కకు లాగి అందరికీ చూపించి, "అమలాపురం ఫ్యాషన్" అని పరిచయం చేసేవాడు. ఊళ్ళో ఎగ్జిబిషన్ నడుస్తోంది. దాంట్లో గుడారం గుడ్డలతో దయ్యాల బంగళా. మనుషులే వేషాలు కట్టి జడిపిస్తారు. మా కాళ్ళు అటే లాక్కుపోయాయి. రెండు టిక్కెట్లు కొన్నాడు. తీరా వాకిట్లోకి వచ్చాక నిలబడిపోయాడు.

"నువ్వు పో సామీ. నేనీడుంటా."

"మీరు లేకుండా నేనెందుకండీ?"

"ఆ పొద్దు నుంచి పోల్యా. అరుపు రాకుండా లోపలికి పోతే టిక్కెట్టు దండగ గదా."

వెళ్ళాను. బయటికి వినపడాలని గట్టిగా అరిచాను, రెండుసార్లు. మూడో మలుపులో నోరు పెగల్లేదు. బయటికి వచ్చేసరికి ఆయన గుడారం గుడ్డకు చెవి ఆనించి ఉన్నాడు, ఒకప్పుడు నేను రేకుగోడ ఇవతలినుంచి విన్నట్టు.

"మొదటిది బాగుండాది. రెండోది లేటు. మూడోది ఇనపల్యా?"

"అక్కడ కసాయి ఉన్నాడండీ. కత్తి పట్టుకుని నిలబడ్డాడు."

 ఆయన చెప్పులు విడిచాడు. చేతిలో మిగిలిన టిక్కెట్టు వాకిట్లో వాడికిచ్చి లోపలికి నడిచాడు.

నేను గుడ్డకు చెవి ఆనించాను. మొదటి చోట, ఏమీ లేదు. రెండో చోట, ఏమీ లేదు. తర్వాత చాలాసేపు, ఒక మనిషి నడిచే దూరంకన్నా చాలా ఎక్కువసేపు, ఏమీ లేదు. నేను ఆయన చెప్పులు చేతిలోకి తీసుకుని, లోపలికి పరుగెత్తబోతున్నాను.

అప్పుడొచ్చింది. మూడోది. ఎక్కడినుంచి వస్తుందో ఎప్పుడూ చెప్పలేకపోయిన ఆ గొంతు. అది ఆగలేదు. టిక్కెట్టువాడు కుర్చీలోంచి లేచాడు. పక్కన రంగులరాట్నం ఆపేశారు. దయ్యం వేషంలో ఉన్నవాళ్ళు ఇద్దరు గుడ్డ ఎత్తుకుని బయటికి పరుగెత్తుకొచ్చి, "మాకేం తెలీదన్నా, మేమేం చేయలేదు" అంటున్నారు. కేక సాగింది, విరిగింది, మళ్ళీ లేచింది.

ఆయన చివరికి బయటికొచ్చాడు. మీసం తడిసి ఉంది. చంకలో తువ్వాలు తీసి ముఖం నిమ్మళంగా తుడుచుకున్నాడు. నేనిచ్చిన చెప్పులు తొడుక్కున్నాడు. టీ అడుగుతాడనుకున్నాను.

"ఆ పిల్లోనికి కత్తి పట్టుకునేది రాదు సామీ" అన్నాడు. "బో గట్టిగా పట్టుకున్యాడు. అట్లయితే అవసరానికి జారదు."